ఐపీ అడ్రసు అందని కౌంటర్లు: సరిహద్దు పట్టణాల చిన్న నెట్‌వర్కుల్లో చిక్కు ఎక్కడుంది?

సంక్షిప్తంగా: చిన్న వ్యాపారాల్లో కంప్యూటర్లకు ఐపీ అడ్రసు, అంటే నెట్‌వర్కులో ఒక్కో పరికరాన్ని గుర్తించే అంకెల చిరునామా, దానంతటదే అందనప్పుడు రూటర్ చెడిపోయిందన్న అనుమానమే ముందు వస్తుంది. అయితే ఒకే నెట్‌వర్కులో రెండు పరికరాలు అడ్రసులు పంచడం, కరెంటు పోయి వచ్చాక పరికరాలు లేచే వరుస తప్పడం, పంచడానికి ఉంచిన అడ్రసులు అయిపోవడం, చేత్తో పెట్టిన అడ్రసు మరొకదానితో ఢీకొనడం వంటి కారణాలను ముందుగా చూడాలి. వీటిలో ఏది జరిగిందో తెర మీద కనిపించే అడ్రసే చాలావరకు చెప్పేస్తుంది. ఆ అడ్రసు చూడకుండా రూటర్‌ను ఆపి మళ్ళీ వేస్తే ఆధారం చెరిగిపోతుంది. ఒక్కోసారి కొత్త చిక్కు కూడా మొదలవుతుంది.

ఎవరూ గీయని నెట్‌వర్కు

ఒడిశా సరిహద్దులోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురంలోనూ, మహారాష్ట్ర వైపు సిరొంచ, ధర్మాబాద్, బల్లార్షాలోనూ తెలుగువారు నడిపే హోల్‌సేల్ దుకాణాలు, మందుల ఏజెన్సీలు, లాడ్జీలు, మిల్లుల ఆఫీసులు, ఆన్‌లైన్ సేవా కేంద్రాలు ఇప్పుడు నెట్‌వర్కు లేకుండా పూట గడపలేని స్థితికి వచ్చాయి. బిల్లు ఒక కంప్యూటరులో తయారై మరో గదిలోని ప్రింటరులో బయటికి వస్తుంది. సరుకు లెక్క మూడో కంప్యూటరులో ఉంటుంది. వీటి మధ్య సంబంధమంతా ఐపీ అడ్రసుల మీద ఆధారపడి ఉంటుంది.

ఇటువంటి నెట్‌వర్కులు సాధారణంగా ఒక పథకం ప్రకారం ఏర్పడవు. ఫైబర్ కనెక్షన్ ఇచ్చినవారు ఒక మోడెమ్ బిగించి వెళతారు. సీసీ కెమెరాలు పెట్టినవారు వాటి దృశ్యాలు రికార్డు చేసే డీవీఆర్‌కు తమకు అలవాటైన అడ్రసు ఒకటి ఇచ్చి వెళతారు. పై అంతస్తుకు వైఫై అందడం లేదని కొన్నాళ్ళకు బజారు నుంచి ఇంకో రూటర్ వస్తుంది. సరిహద్దు పట్టణంలో ఈ ముగ్గురూ మూడు ఊళ్ళవారైనా ఆశ్చర్యం లేదు. రాయగడలోని దుకాణానికి ఒకరు బరంపురం నుంచి, ఒకరు పార్వతీపురం నుంచి రావచ్చు. సిరొంచకు జిల్లా కేంద్రమైన గడ్చిరోలి 200 కిలోమీటర్లకు పైగా దూరం కాబట్టి, గోదావరి వంతెన దాటి తెలంగాణ వైపు నుంచి మెకానిక్‌ను పిలిపించుకోవడమే అక్కడివారికి తేలిక. ఒకరు పెట్టినది మరొకరికి తెలియదు, ఏ పరికరం అడ్రసులు పంచుతోందో యజమానికీ తెలియదు. కింద చెప్పుకోబోయే లోపాల్లో ఎక్కువ భాగం ఈ స్థితి నుంచి పుట్టేవే.

దీనికి తోడు, ‘నెట్ రావట్లేదు’ అన్న ఒక్క ఫిర్యాదు వెనక వేరువేరు లోపాలు దాగి ఉంటాయి. కౌంటరు మీది యూపీఐ సౌండ్ బాక్సు మామూలుగా తనలోని సిమ్ కార్డుతో పనిచేస్తుంది. స్వైపింగ్ మిషన్లలో చాలావాటిదీ అదే పద్ధతి. దుకాణంలో నెట్‌వర్కు మొత్తం పడిపోయినా డబ్బు జమైనట్టు సౌండ్ బాక్సు పలుకుతూనే ఉంటుంది. దాన్ని బట్టి నెట్ బాగానే ఉందని, కంప్యూటరులోనే లోపమని అనుకోవడం పొరపాటుకు దారి తీస్తుంది.

అడ్రసు చేతికి వచ్చే దారి

కంప్యూటరుకు ఐపీ అడ్రసు ఒక్కటే ఉంటే చాలదు. తన నెట్‌వర్కు హద్దు ఎంతవరకో చెప్పే సబ్‌నెట్ మాస్క్, బయటికి దారి చూపే గేట్‌వే, వెబ్‌సైట్ల పేర్లను అంకెలుగా మార్చే డీఎన్ఎస్ సర్వర్ వివరం కూడా కావాలి. ఈ నాలుగింటినీ ఒకేసారి అందించే పద్ధతి పేరు డీహెచ్‌సీపీ. 1985లో వచ్చిన బూట్‌పీ అనే పద్ధతిలో ఏ యంత్రానికి ఏ అడ్రసన్నది ముందే పట్టికలో రాసి పెట్టాల్సి వచ్చేది. 1993లో తొలిసారి వెలువడి, 1997 మార్చిలో ఆర్ఎఫ్‌సీ 2131 అనే ప్రామాణిక పత్రంగా స్థిరపడిన డీహెచ్‌సీపీ ఆ అవసరాన్ని తీసివేసింది. అడ్రసును శాశ్వతంగా కాక, గడువు పెట్టి లీజుకు ఇవ్వడం అందులోని ముఖ్యమైన మార్పు. నేటి చిన్న రూటర్లు అనుసరించేది ఆ పత్రాన్నే.

ఈ వ్యవహారం నాలుగు సందేశాల్లో పూర్తవుతుంది. కొత్తగా ఆన్ అయిన కంప్యూటరు ‘అడ్రసు ఇచ్చేవారు ఎవరైనా ఉన్నారా’ అన్న అర్థం వచ్చే డిస్కవర్ సందేశాన్ని నెట్‌వర్కులోని అందరికీ వినబడేలా పంపుతుంది. విన్న సర్వర్, అంటే అడ్రసులు పంచే పరికరం, ఒక అడ్రసు చూపుతూ ఆఫర్ పంపుతుంది. కంప్యూటరు ఆ అడ్రసే కావాలని రిక్వెస్ట్ పెడుతుంది. సర్వర్ ఖాయం చేస్తూ జవాబిస్తుంది. అంతా సవ్యంగా ఉంటే ఈ పనికి పట్టే సమయం రెప్పపాటే.

ఈ పద్ధతిలో సర్వర్ ఎవరన్న పరిశీలన లేకపోవడం గమనించదగ్గ విషయం. అడిగే కంప్యూటరుకు అప్పటికి అడ్రసే లేదు, ఎవరిని అడగాలో తెలియదు. అందువల్ల ముందుగా జవాబిచ్చిన పరికరాన్నే మామూలుగా నమ్ముతుంది. ఆ జవాబు మోడెమ్ నుంచి వచ్చిందా, పై అంతస్తులో ఎవరో తగిలించిన రూటర్ నుంచి వచ్చిందా అన్నది దానికి పట్టదు.

లీజు గడువుకు కూడా ఒక లెక్క ఉంది. గడువులో సగం గడిచాక కంప్యూటరు తనకు అడ్రసు ఇచ్చిన సర్వర్‌నే పొడిగింపు అడుగుతుంది. జవాబు రాకపోతే 87.5 శాతం గడిచాక ఏ సర్వర్ ఇచ్చినా సరేనని అందరినీ అడుగుతుంది. గడువు ముగిస్తే ఆ అడ్రసు వదిలేయాలి. రూటరులో అడ్రసులు పంచే భాగం మాత్రమే మొరాయించి, మిగతాదంతా పనిచేస్తున్నప్పుడు కంప్యూటర్లన్నీ ఒక్కసారిగా ఆగిపోకపోవడానికి కారణం ఇదే. 24 గంటల లీజు ఉన్న చోట పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఇంకొకటి, సాయంత్రానికి మరొకటి చొప్పున జారిపోతాయి. యంత్రాలు ఇలా ఒక్కొక్కటిగా పోతున్నాయంటే వాటిలో లోపం వెతకడం దండగ. అవన్నీ ఆధారపడిన చోటు చూడాలి.

తెర మీది అంకెలు

విండోస్ కంప్యూటరులో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఐపీకాన్ఫిగ్ కమాండును ‘ఆల్’ అన్న అదనపు మాటతో (ipconfig /all) ఇస్తే అడ్రసుకు సంబంధించిన వివరాలన్నీ వస్తాయి. వాటిలో ఐపీ అడ్రసు, డిఫాల్ట్ గేట్‌వే, డీహెచ్‌సీపీ సర్వర్, లీజు మొదలైన సమయం, ముగిసే సమయం అన్న ఐదు వరసలు చూస్తే చాలు.

గుణుపురంలో ఒక మందుల ఏజెన్సీ ఉందనుకుందాం. మోడెమ్ అడ్రసు 192.168.1.1, కౌంటర్లలో మూడు కంప్యూటర్లు. మొదటి కౌంటరులో 169.254.37.112 అని, మాస్క్ 255.255.0.0 అని కనిపిస్తుంది, గేట్‌వే ఖాళీగా ఉంటుంది. ఈ 169.254 ఎవరూ ఇచ్చిన అడ్రసు కాదు. ఎంత అడిగినా జవాబు రాకపోవడంతో కంప్యూటరు తనకు తానే పెట్టుకున్నది. విండోస్ 98 నాటి నుంచి ఉన్న ఈ ఏర్పాటును 2005లో ఆర్ఎఫ్‌సీ 3927గా ప్రామాణికం చేశారు. అడిగిన మాట సర్వర్‌కు చేరలేదు, లేదా సర్వర్ జవాబు వెనక్కి రాలేదు, లేదా ఇవ్వడానికి సర్వర్ దగ్గర ఏమీ మిగలలేదు. మూడింటిలో ఏదో ఒకటి జరిగిందని ఈ అడ్రసు చెబుతుంది.

రెండో కౌంటరులో 192.168.0.104, గేట్‌వే 192.168.0.1 అని ఉందనుకుందాం. మామూలు కంటికి ఇదీ సరైన అడ్రసులాగే ఉంటుంది. చుక్కలతో విడదీసిన వాటిలో మూడో అంకె మాత్రం 1కి బదులు 0. మోడెమ్ ఇచ్చే వరసలో ఇది లేదు కాబట్టి ఇంకేదో పరికరం అడ్రసులు పంచుతోందని అర్థం. డీహెచ్‌సీపీ సర్వర్ అన్న వరసలో ఆ పరికరం అడ్రసే ఉంటుంది కనుక ఊహించాల్సిన పని కూడా లేదు. 192.168.137తో మొదలైతే విండోస్‌లోని ఇంటర్నెట్ షేరింగ్ ఆన్ చేసిన ఏదో కంప్యూటరు ఆ పని చేస్తోందని తెలుస్తుంది. 192.168.43 పాత ఆండ్రాయిడ్ ఫోన్ల హాట్‌స్పాట్ వరస, 172.20.10 ఐఫోన్ హాట్‌స్పాట్ వరస. ఫైబర్ తెగిన రోజు గుమస్తా ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపిన కంప్యూటరు మరునాడు కూడా దాన్నే పట్టుకుని, ‘ప్రింటర్ ఆఫ్‌లైన్’ అని చూపుతూ అందరినీ తికమక పెట్టడం వింతేమీ కాదు.

మూడో కౌంటరులో 192.168.1.105, గేట్‌వే 192.168.1.1 ఉండి కూడా నెట్ లేకపోతే డీహెచ్‌సీపీ తన పని తాను చేసినట్టే. లోపం డీఎన్ఎస్‌లోనో, బయటి ఫైబర్‌లోనో, అడ్రసుల ఢీలోనో ఉంటుంది. అప్పుడు అడ్రసును వదిలించి మళ్ళీ తెప్పించడం వల్ల ఒరిగేదేమీ ఉండదు.

కొత్తగా కనిపిస్తున్న ఒక తిరకాసును కూడా ఇక్కడే చెప్పుకోవాలి. అడ్రసుల కొత్త పద్ధతి అయిన ఐపీ వెర్షన్ 6 ఉన్న కనెక్షన్లలో, రూటర్ ప్రకటించే వివరాలను బట్టి కంప్యూటరు ఆ వెర్షన్ అడ్రసును డీహెచ్‌సీపీ సాయం లేకుండానే తయారుచేసుకోగలదు. పాత వెర్షన్ అడ్రసు 169.254లో ఇరుక్కున్నా గూగుల్, యూట్యూబ్ వంటి సైట్లు తెరుచుకుంటాయి. వెర్షన్ 6 అందుబాటులో లేని పోర్టళ్ళు మాత్రం తెరుచుకోవు. దుకాణదారు కంటికి ‘ఆ ప్రభుత్వ సైటే డౌన్’ అన్నట్టు ఉంటుంది. నిజానికి ఈ లక్షణం ఎంతో పనికొస్తుంది. వైరు, వైర్లను కలిపే నెట్‌వర్కు స్విచ్, వైఫై, బయటి ఫైబర్ అన్నీ బాగున్నాయని, పాత వెర్షన్ అడ్రసు పంపిణీ ఒక్కటే తప్పిందని అది తేల్చి చెబుతుంది.

ఇద్దరు పంచితే

పై అంతస్తు వైఫై కోసం తెచ్చిన రూటరుకు వెనక బయటి లైను కోసం ఒక వాన్ పోర్టు, పక్కన లోపలి పరికరాల కోసం నాలుగు లాన్ పోర్టులు ఉండటం మామూలు. కింది నుంచి వచ్చిన వైరును లాన్ పోర్టులో గుచ్చితే వైఫై వెంటనే పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది. బిగించినవారు వెళ్ళిపోతారు. అయితే కొత్త రూటరులోని డీహెచ్‌సీపీ ఆన్‌లోనే ఉంటుంది కాబట్టి, అప్పటి నుంచి నెట్‌వర్కులో పంచేవారు ఇద్దరవుతారు. ఏ కంప్యూటరుకు ఎవరి జవాబు ముందు చేరితే అది వారి వరసలోకి పోతుంది. కొత్త రూటర్ తననే గేట్‌వేగా చెప్పుకుంటుంది, కానీ దాని వాన్ పోర్టులో ఏమీ లేదు కాబట్టి బయటికి దారి ఉండదు. రెండు పరికరాల్లో ఏది ముందు పలుకుతుందన్నది ప్రతిసారీ మారవచ్చు కాబట్టి, నిన్న పనిచేసిన కౌంటర్ ఈ రోజు పనిచేయదు, ఈ రోజు ఆగినది రేపు లేస్తుంది.

అదే వైరును వాన్ పోర్టులో గుచ్చితే ఈ ఘర్షణ ఉండదు, వేరే పరిణామం ఉంటుంది. పై అంతస్తు మొత్తం మోడెమ్ వెనక ఇంకో గోడ కట్టుకున్న వేరే నెట్‌వర్కు అవుతుంది. పైవారికి నెట్ వస్తుంది, కింది కౌంటరు నుంచి పై అంతస్తులోని ప్రింటరుకు మాత్రం బిల్లు చేరదు. మోడెమ్, రూటర్ రెండూ 192.168.1 వరసనే వాడుతుంటే రెండు వైపులా ఒకే వరస ఉండి రూటరుకు దారి తెలియదు. కొన్ని రూటర్లు ఈ సంగతి పసిగట్టి తమ లోపలి వరసను తామే మార్చుకుంటాయి, కొన్ని మార్చుకోవు.

అదనపు రూటర్‌ను, అడ్రసులు పంచకుండా వైఫై మాత్రమే అందించే యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టడం సరైన మార్గం. ఆ మోడ్ లేని పరికరంలో దాని సొంత అడ్రసును మోడెమ్ వరసలో ఎవరూ వాడని అంకెకు, ఉదాహరణకు 192.168.1.2కు మార్చి, తర్వాత డీహెచ్‌సీపీని ఆపి, వైరును లాన్ పోర్టులోనే ఉంచాలి. ఏ పని ముందన్నది ముఖ్యం. ముందుగా అడ్రసు మార్చకుండా డీహెచ్‌సీపీ ఆపేస్తే తర్వాత ఆ రూటర్ సెట్టింగుల పేజీ తెరవడమే కష్టమవుతుంది. పెద్ద ఆఫీసుల్లోని, సెట్టింగులు మార్చుకోగల మేనేజ్డ్ స్విచ్‌లలో డీహెచ్‌సీపీ స్నూపింగ్ అనే ఏర్పాటు ఉంటుంది. అనుమతించిన పోర్టు నుంచి తప్ప మరెక్కడి నుంచి ఆఫర్ వచ్చినా స్విచ్ దాన్ని అడ్డుకుంటుంది. చిన్న దుకాణంలో ఉండే సాదా స్విచ్‌కు ఆ తెలివి ఉండదు.

కరెంటు పోయి వచ్చిన తర్వాత

వేసవి గాలివానల్లో కరెంటు అరగంటకోసారి పోయి వచ్చే పట్టణాల్లో అడ్రసుల చిక్కు ఎక్కువ కావడానికి కారణం ఓల్టేజీ ఒక్కటే కాదు. చిన్న రూటర్లలో చాలావరకు లీజుల పట్టికను తాత్కాలిక మెమరీలో ఉంచుతాయి. కరెంటు పోగానే ఆ పట్టిక ఖాళీ అవుతుంది. బ్యాటరీ ఉన్న ల్యాప్‌టాప్‌లు, ఫోన్లు మాత్రం తమ అడ్రసులను గుర్తుపెట్టుకునే ఉంటాయి. లాడ్జిలో రిజిస్టరు కాలిపోయినా గదుల్లో బస చేసినవారు అలాగే ఉంటే, కౌంటరులో కొత్తగా కూర్చున్న మనిషి ఏ గది ఖాళీయో ఎలా చెప్పగలడు? రూటర్ పరిస్థితీ అంతే.

ఈ ప్రమాదం తెలియనిది కాదు, అందుకు రెండు జాగ్రత్తలున్నాయి. అడ్రసు ఇచ్చే ముందు చాలా సర్వర్లు ఆ అడ్రసుకు పింగ్ పంపి ఎవరైనా పలుకుతారేమో చూస్తాయి. తీసుకునే కంప్యూటరు కూడా ‘ఈ అడ్రసు ఎవరిదైనా ఉందా’ అని నెట్‌వర్కులో అడిగి, ఎవరైనా పలికితే ఆ అడ్రసును తిరస్కరిస్తుంది. కొన్ని రూటర్లు యంత్రం మాక్ అడ్రసు, అంటే దాని నెట్‌వర్కు భాగానికి ఉండే గుర్తింపు సంఖ్య, నుంచి లెక్కగట్టి, పట్టిక పోయినా దానికి పాత అడ్రసే మళ్ళీ దక్కేలా చూస్తాయి. అసలైన అడ్రసుదారు ఆ క్షణంలో నిద్రావస్థలోనో, ఆఫ్‌లోనో ఉంటే మొదటి రెండు జాగ్రత్తలూ పనిచేయవు. అది లేచాక మళ్ళీ సర్వర్‌ను సంప్రదిస్తే ఇబ్బంది సర్దుకుంటుంది. సంప్రదించకుండా పాత అడ్రసునే వాడే నాసిరకం పరికరాల దగ్గర రెండు యంత్రాలకు ఒకే అడ్రసు పడుతుంది. బిల్లు ఒకసారి వెళుతుంది, ఒకసారి వెళ్ళదు.

లేచే వరస దీనికంటే తరచుగా ఇబ్బంది పెడుతుంది. కరెంటు రాగానే ప్రింటర్, డీవీఆర్, డెస్క్‌టాప్ గబగబా లేచి అడ్రసు అడుగుతాయి. అప్పటికి మోడెమ్ ఇంకా లేస్తూ ఉంటుంది. జవాబు లేకపోవడంతో అడిగినవి 169.254కు పోతాయి. విండోస్ కంప్యూటరు ఆ తర్వాత సుమారు ఐదు నిమిషాలకోసారి మళ్ళీ అడుగుతూ ఉంటుంది కాబట్టి కాసేపటికి దానంతటదే దారిన పడుతుంది. కొన్ని ప్రింటర్లు, వేలిముద్రల హాజరు యంత్రాలు మళ్ళీ అడగవు. వాటిని ఎవరో ఒకరు ఆపి వేసే దాకా అలాగే ఉండిపోతాయి. మోడెమ్ దీపాలు నిలకడగా వెలిగే వరకు ఆగి, తర్వాత మిగతావాటిని ఆన్ చేస్తే ఈ బాధ సగం తప్పుతుంది. రూటర్‌ను ఇన్వర్టర్ మీద పెట్టి, మధ్యలోని స్విచ్‌ను మామూలు ప్లగ్గులో వదిలేసిన చోట ఇన్వర్టర్ ఖర్చు వృథా అయినట్టే. మోడెమ్, రూటర్, స్విచ్ మూడింటికీ ఒకే ఆధారం ఉండాలి. వీటికోసమే దొరికే చిన్న 12 ఓల్టుల యూపీఎస్‌లు ఈ పనికి సరిపోతాయి, అడాప్టర్ మీద రాసిన ఓల్టేజీ, ఆంపియర్లు సరిచూసుకుంటే చాలు.

ఏ లోపానికైనా రూటర్‌ను ఆపి వేయడమే మందుగా భావించే అలవాటును ఈ కోణంలో మళ్ళీ చూడాలి. ఆపి వేయడం అంటే చేజేతులా కరెంటు పోగొట్టడమే. మొరాయించిన సర్వర్ లేచి ఆ పూటకు పని జరగవచ్చు. కానీ ఎవరికి ఏ అడ్రసు ఇచ్చిందీ, పంచడానికి ఉంచిన అడ్రసుల మొత్తం, అంటే పూల్, నిండిందా లేదా అన్నదీ చూపే పట్టిక పోతుంది, అదే లోపం వారానికి మళ్ళీ వస్తుంది. ముందుగా తెరను ఫోటో తీసుకుని, తర్వాత ఆపి వేసుకుంటే అభ్యంతరం ఉండనక్కర్లేదు.

అడ్రసులు అయిపోతే

255.255.255.0 మాస్క్ ఉన్న నెట్‌వర్కులో వాడదగ్గ అడ్రసులు 254. రూటర్ వాటన్నిటినీ పంచదు. ఫ్యాక్టరీ సెట్టింగులో చివరి అంకె 100 నుంచి 199 వరకు ఉన్నవాటిని మాత్రమే పూల్‌గా పెట్టిన రూటర్లు మార్కెట్లో ఉన్నాయి. అంటే ఒకేసారి వంద పరికరాలకు మించి చోటు లేదు. నలుగురు పనిచేసే దుకాణానికి వంద అంటే బోలెడు. రైల్వే స్టేషన్ దగ్గరి లాడ్జికో, కోచింగ్ సెంటరుకో అది చాలకపోవచ్చు. లీజు గడువే ఇందుకు కారణం.

వైఫై వాడిన ఫోన్ బయటికి వెళ్ళేటప్పుడు అడ్రసును మామూలుగా తిరిగి అప్పగించదు. 24 గంటల లీజు ఉంటే, పొద్దున పది నిమిషాలు టీ తాగి వెళ్ళిన మనిషి ఫోన్ పేరున ఉన్న అడ్రసు మరునాటి పొద్దుటి దాకా ఖాళీ కాదు. లీజు రెండు గంటలైతే ఆ మధ్యాహ్నానికే మరొకరికి దొరుకుతుంది. లీజు తగ్గిస్తే పొడిగింపుల సందేశాలు పెరిగి రూటర్ మీద భారం పడుతుందన్న భయం వంద పరికరాల స్థాయిలో అక్కరలేదు. విండోస్ సర్వర్‌లో ముందే ఉండే లీజు 8 రోజులు. రోజూ అవే కంప్యూటర్లు ఉండే ఆఫీసుకు అది సరిపోతుంది, వచ్చిపోయే ఫోన్లున్న చోటుకు సరిపోదు. ఒక చోటి సెట్టింగు మరో చోటికి దించుకోవడం వల్ల వచ్చే ఇబ్బంది ఇది.

ఫోన్ల తయారీలో వచ్చిన ఒక మార్పు కూడా లెక్కను పెంచింది. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10, 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు అసలు మాక్ అడ్రసుకు బదులు, ఒక్కో వైఫై పేరుకు ఒక్కో మారు మాక్ అడ్రసు చూపుతున్నాయి. గోప్యతకు ఇది మేలు. రూటర్ దృష్టిలో మాత్రం కొత్త మాక్ అంటే కొత్త యంత్రం. ఒకే మోడెమ్ రెండు వైఫై పేర్లు ఇస్తుంటే ఒకే ఫోన్ రెండు అడ్రసులు పట్టుకోవచ్చు. మాక్ చూసి ఫోన్లకు అడ్రసు కేటాయించిన చోట్ల ఆ కేటాయింపు గురి తప్పుతుంది.

పూల్ నిండినప్పుడు కనిపించే లక్షణం తేలిగ్గా పట్టుకోదగ్గది. అప్పటికే కలిసి ఉన్నవారికి ఇబ్బంది ఉండదు, కొత్తగా వచ్చినవారికే అడ్రసు దొరకదు. రూటరులో డీహెచ్‌సీపీ క్లయింట్ల పట్టిక తెరిస్తే ఖాళీ లేదని తెలిసిపోతుంది. లీజు తగ్గించడం, పూల్‌ను పెంచడం, వచ్చిపోయేవారికి వేరే పూల్‌తో గెస్ట్ వైఫై ఇవ్వడం వరసగా చేయదగ్గ పనులు. మూడోదాని వల్ల బిల్లింగ్ కంప్యూటర్లకు భద్రత కూడా పెరుగుతుంది. మాస్క్‌ను 255.255.254.0కు మార్చి 510 అడ్రసులు తెచ్చుకోవడం కుదిరేదే, కానీ చేత్తో అడ్రసు పెట్టిన ప్రతి పరికరంలోనూ మాస్క్ మార్చాలి. ఒక్కటి మరిచినా కొత్త వరసలోకి వెళ్ళిన కంప్యూటర్లతో దానికి మాట కలవదు.

చేత్తో పెట్టిన అడ్రసు, రిజర్వేషన్

ప్రింటరు అడ్రసు మారితే బిల్లు పోదు. విండోస్‌లో నెట్‌వర్కు ప్రింటరును చేర్చినప్పుడు చాలా సందర్భాల్లో ఒక ఐపీ అడ్రసుకు, సాధారణంగా 9100వ పోర్టుకు ముడిపెడతారు. లీజు మారి ప్రింటర్ 103 నుంచి 117కు వెళితే కంప్యూటర్ 103నే పిలుస్తూ ఉంటుంది. ఈ బాధ పడలేక ప్రింటరుకు, డీవీఆర్‌కు, అకౌంట్ల డేటా ఉన్న కంప్యూటరుకు చేత్తో అడ్రసు పెట్టడం వాడుకలోకి వచ్చింది. ఉద్దేశం సరైనదే, తప్పు అంకె ఎంచుకోవడంలో జరుగుతుంది. కొన్ని రకాల కెమెరా పరికరాలు ఫ్యాక్టరీ నుంచే 192.168.1.108తో వస్తాయి. 100 నుంచి 199 పూల్ ఉన్న రూటరులో అది నట్టనడుమ ఉంటుంది. డీవీఆర్ ఆఫ్‌లో ఉన్న రోజున రూటర్ 108ని వేరే ల్యాప్‌టాప్‌కు ఇచ్చేస్తుంది, డీవీఆర్ లేవగానే రెండూ కొట్టుకుంటాయి.

దీనికి విరుగుడు రిజర్వేషన్. పరికరంలో ఏమీ మార్చకుండా, ఫలానా మాక్ అడ్రసుకు ఎప్పుడూ ఫలానా ఐపీయే ఇవ్వాలని రూటరులో రాయడం. సమాచారమంతా ఒక్కచోట ఉంటుంది కాబట్టి రూటర్ వరస మార్చాల్సి వచ్చినా యంత్రం యంత్రం దగ్గరికీ తిరగనక్కర్లేదు. దీనిలోనూ ఒక లోటుంది. రూటర్ పాడై కొత్తది వస్తే, లేక మోడెమ్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే రిజర్వేషన్లన్నీ పోతాయి. తరచూ మోడెమ్ మార్చే చోట పూల్‌కు బయట, ఉదాహరణకు 10 నుంచి 49 మధ్య, చేత్తో పెట్టిన అడ్రసే ఎక్కువ నిలకడగా ఉంటుంది. కొత్త మోడెమ్ కూడా అదే వరసలో ఉంటేనే సుమా.

వైరు, స్విచ్

ఒక్క కంప్యూటరుకే 169.254 వచ్చి మిగతావన్నీ బాగుంటే ముందు చూడాల్సింది ఆ కంప్యూటరు వైరునే. ఎలుక కొరికిన కేబుల్, గట్టిగా బిగించని కనెక్టర్ ఒక్కోసారి దీపం వెలిగేంత మాత్రం పనిచేసి, సమాచారాన్ని సరిగా దాటనీయవు. పనిచేస్తున్న పక్క కంప్యూటరు వైరును తెచ్చి గుచ్చి చూడటం కంటే తేలికైన పరీక్ష లేదు. మేనేజ్డ్ స్విచ్ ఉంటే ఇంకో కారణం ఉండవచ్చు. వైర్లు వలయంగా కలిసి నెట్‌వర్కు స్తంభించకుండా చూసే పాత స్పానింగ్ ట్రీ పద్ధతిలో వైరు గుచ్చిన పోర్టు సమాచారాన్ని దాటనివ్వడానికి 30 సెకన్లు తీసుకుంటుంది, ఆలోగా కంప్యూటరు అడిగిన మాటలు వృథా అవుతాయి.

దూరం నుంచి చూసేవారికి ఏం కావాలి

మెకానిక్ నది దాటి రావడానికో, ఘాట్ రోడ్డు ఎక్కి రావడానికో పూట పడుతుందనుకుంటే, ఈలోగా ఫోనులో పంపాల్సినవి ఎక్కువేమీ కాదు. పనిచేయని కంప్యూటరు తెరను, పనిచేస్తున్న కంప్యూటరు తెరను పక్కపక్కనే ఫోటో తీసి పంపితే డీహెచ్‌సీపీ సర్వర్ వరసలో తేడా ఉందా లేదా అన్నది వెంటనే తెలుస్తుంది. తేడా ఉంటే రెండో రూటర్ వైరు పీకి చూడాలి. లేకపోతే లోపం ఒక్క యంత్రానికా, కొత్తగా కలిసినవారికా, అందరికా అన్న ప్రశ్న వేసుకోవాలి. ఒక్కదానికైతే వైరు, కొత్తవారికైతే పూల్, అందరికీ అయితే సర్వర్. అడ్రసును వదిలించే రిలీజ్, తిరిగి తెప్పించే రెన్యూ కమాండ్లు ఈ పరిశీలన అయ్యాకే వాడాలి. దూరం నుంచి రిమోట్ సాఫ్ట్‌వేర్‌తో పనిచేస్తున్నవారు రిలీజ్ కొడితే ఆ క్షణమే తమ లైను తామే తెంచుకున్నవారవుతారు.

నెలలో 20వ తేదీన జీఎస్టీ రిటర్ను అయిన జీఎస్టీఆర్-3బీ దాఖలు చేయాల్సిన సాయంత్రం కారణం తేలే దాకా ఆగడం కుదరదు. అప్పుడు ఆ ఒక్క కంప్యూటరుకు పూల్‌కు బయటి అడ్రసు, ఉదాహరణకు 192.168.1.240, మాస్క్ 255.255.255.0, గేట్‌వే, డీఎన్ఎస్ రెండిటికీ 192.168.1.1 చేత్తో ఇచ్చి పని నడిపించవచ్చు. ఇదొక పరీక్ష కూడా. దీనితో నెట్ వస్తే వైరు, స్విచ్, ఫైబర్ అన్నీ బాగున్నాయని, అడ్రసులు పంచే భాగంలోనే లోపముందని రుజువవుతుంది. రాకపోతే డీహెచ్‌సీపీని వదిలి వైరు మీదికి వెళ్ళాలి. పని అయ్యాక సెట్టింగును మళ్ళీ ఆటోమేటిక్‌కు మార్చడం మరిస్తే మాత్రం, ఆ కంప్యూటరు ల్యాప్‌టాప్ అయితే ఇంటి వైఫైలో పనిచేయకపోవచ్చు. మోడెమ్ మారి వరస 192.168.0కు వెళ్ళిన రోజున దుకాణంలో అదొక్కటే ఆగిపోతుంది.